లండన్ ప్రాకారానికి నమస్కారం

ఒక గోడ ఏ రోజున పోయిందో చెప్పడం కష్టం. మనిషికైతే తిథి ఉంటుంది, ఏటా గుర్తుపెట్టుకుని పెట్టే తద్దినం ఉంటుంది. లండన్ నగరం చుట్టూ రోమన్లు కట్టిన ప్రాకారానికి అలాంటి తిథి లేదు. దాన్ని భూకంపం కూల్చలేదు, శత్రు సైన్యం నేలమట్టం చెయ్యలేదు. ఒకసారి ఈ మూల, ఇంకోసారి ఆ మూల, రాయి రాయిగా తరిగిపోయింది. అయినా ఒక రోజును ఎంచమని నన్నడిగితే 1760 జూలై 30 అంటాను. ఆ రోజు నగరపాలకులు మూడు ద్వారాల సామగ్రిని అమ్మేశారు. ఆల్డ్‌గేట్ 177 పౌండ్ల 10 షిల్లింగులకు, లడ్‌గేట్ 148 పౌండ్లకు, క్రిపుల్‌గేట్ 91 పౌండ్లకు పోయాయి. కొన్నది ఒక వడ్రంగి. రాత్రి మూసి పొద్దున్నే తెరవడానికి తలుపులంటూ లేకపోయాక ప్రాకారానికి పని లేదు. ఆ తర్వాత మిగిలినవి రాళ్ళు. ఆ రాళ్ళు ఊరికి చేసిన సేవను తలుచుకుని రాస్తున్న మాటలివి.

అది పుట్టింది క్రీ.శ. 190కీ 225కీ మధ్య. కట్టించింది ఎవరో చెప్పే శాసనం ఒక్కటీ దొరకలేదు. రోమన్లు చిన్న వంతెన కట్టినా చక్రవర్తి పేరు చెక్కించుకునేవాళ్ళు, ఇంత పెద్ద కట్టడానికి మాత్రం కర్త పేరు మిగల్లేదు. పుట్టిన కాలం తేల్చడానికి తోడ్పడినవాటిలో ఒక దొంగ సొమ్ము కూడా ఉంది. నగరానికి పడమటి వైపు, గోడను లోపలి నుంచి ఆనుకుని ఉన్న ఒక బురుజులో దొంగనాణేలు పోసే మట్టి అచ్చులు దొరికాయి. అవి మూడో శతాబ్దం తొలి దశాబ్దాలవి. అంటే అప్పటికే ఆ బురుజు లేచి నిలబడి, చాటుపనులకు ఆశ్రయం ఇచ్చేంతగా జనానికి అలవాటైపోయిందన్నమాట. పండితులకు ఇంతకంటే విలువైన నాణేలు ఎన్నో దొరికి ఉంటాయి గానీ, ఈ గోడ వయసు చెప్పడంలో ఆ అజ్ఞాత నేరగాడు చేసిన మేలు చిన్నది కాదు.

రాయి లండన్‌ది కాదు. ఆ ఊరు బంకమట్టి, గులకనేల మీద ఉంది. మంచి కట్టుబడి రాయి దగ్గర్లో దొరకదు. కెంట్ ప్రాంతంలో మెయిడ్‌స్టోన్ చుట్టుపక్కల రాగ్‌స్టోన్ అనే బూడిదరంగు సున్నపురాయి ఉంది. దాన్ని అక్కడ తవ్వి, మెడ్‌వే నది మీదుగా పడవల్లో దింపి, థేమ్స్‌లోకి ఎదురు తిప్పి తెచ్చారు. నేల వైపు గోడ పొడవు సుమారు 3 కిలోమీటర్లు. దానికి దాదాపు 85,000 టన్నుల రాయి పట్టి ఉంటుందని, అందుకు వెయ్యికి పైగా పడవ ప్రయాణాలు కావలసి వచ్చి ఉంటాయని అంచనా. ఆ రాకపోకల తీరు చూపించే సాక్ష్యం 1962లో బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర థేమ్స్ బురదలో బయటపడింది. పీటర్ మార్స్‌డెన్ అనే పురావస్తువేత్త అక్కడ మునిగిపోయిన ఒక రోమన్ పడవను గుర్తించాడు. అందులో సరుకు ఇంకా అలాగే ఉంది: కెంటు రాయి, సుమారు 26 టన్నులు. ఆ పడవ గోడ కంటే ముందు కాలానిదే, కానీ దారి అదే, రాయి అదే. తెరచాప స్తంభాన్ని నిలిపే గుంటలో పడవ కట్టినవాళ్ళు ఒక రాగినాణెం పెట్టారు. దాని మీద చేతిలో చుక్కాని పట్టుకున్న అదృష్టదేవత ఫార్చ్యూనా బొమ్మ ఉంది. ఆ తల్లి ఆ పడవను గట్టుకు చేర్చలేదు. అలాంటి ఇంకెన్నో పడవలు చేరబట్టే గోడ లేచింది.

కట్టిన పద్ధతి చెప్పాలి, ఎందుకంటే దాని గొప్పదనమంతా ఆ పద్ధతిలోనే ఉంది. ముందు కందకం తవ్వి, బంకమట్టి, చెకుముకి రాళ్ళు దట్టించి పునాది వేశారు. నేలమట్టానికి బయటి వైపు ఎర్ర ఇసుకరాయి వరస ఒకటి పేర్చారు. అక్కడి నుంచి పైకి రెండు ముఖాలూ చెక్కిన రాగ్‌స్టోన్ దిమ్మెలతో కట్టి, నడుమ పగలగొట్టిన రాయి, సున్నం పోసి నింపారు. కొన్ని వరసలకొకసారి, చదునైన ఎర్రటి ఇటుకపలకలను రెండు మూడు వరసలు పరిచారు. గోడ మందంలోకి చొచ్చుకుపోయి రెండు ముఖాలనూ నడిమి పోతనూ కలిపి పట్టి ఉంచేవి ఆ పలకలే. ప్రతి పట్టీ దగ్గరా గోడ మళ్ళీ మట్టానికి వస్తుంది, కాబట్టి మేస్త్రీలు వేరు, కూలీలు వేరు అయినా ఒక కొస నుంచి ఇంకో కొసకి వంకర రాదు. అడుగున మందం సుమారు 2.7 మీటర్లు, ఎత్తు ఆరు మీటర్ల వరకు. బయట అగడ్త తవ్వి, ఆ మట్టిని లోపలి వైపు గోడకు దన్నుగా కట్టలా పోశారు. ఈనాటికీ మిగిలిన ముక్కల్లో బూడిద రాయి మధ్య ఎర్రటి పట్టీలు దూరం నుంచే కనిపిస్తాయి. మధ్యయుగపు మేస్త్రీ చెయ్యి ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి అదే గుర్తు: పట్టీ ఆగిపోయిన చోట రోమన్ పని ఆగిపోయింది.

వాయవ్య మూలలో మాత్రం కొత్తగా కట్టనక్కరలేకపోయింది. అక్కడ సుమారు 120 నాటికే సైనికుల కోట ఒకటి ఉంది. దాని ఉత్తరపు, పడమటి గోడలను లోపలి నుంచి మందం చేసి ప్రాకారంలో కలుపుకున్నారు. ఆ తర్వాత మూడో శతాబ్దం రెండో సగంలో నది వైపు కూడా గోడ వేశారు. నగరం చుట్టూ వలయం పూర్తయింది. లోపల సుమారు 330 ఎకరాలు. నాలుగో శతాబ్దంలో తూర్పు వైపు బయటికి పొడుచుకొచ్చే బురుజులు చేర్చారు. అప్పటికి రాయి కరువైంది, కాలం కూడా మారింది. పాత శ్మశానాల నుంచి సమాధి రాళ్ళు తెచ్చి బురుజుల్లో వేశారు.

ఆ సమాధుల్లో ఒకదాని దగ్గర కాసేపు ఆగాలి. 60, 61 సంవత్సరాల్లో బూడిక్కా రాణి రోమన్ల మీద తిరగబడి లండన్‌ను తగలబెట్టింది. తిరుగుబాటు అణిగాక గవర్నరు సుటోనియస్ పాలినస్ పగబట్టి జనాన్ని హింసించసాగాడు. అప్పుడు కోశాధికారిగా వచ్చిన జూలియస్ క్లాసిసియానస్, ఈ గవర్నరు ఉన్నంతకాలం శాంతి రాదని, మెత్తని మనసున్న కొత్తవాణ్ణి పంపమని రోముకు రాశాడు. ఈ సంగతి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రచనలో ఉంది. టాసిటస్‌కి అతనంటే పడదు, దురుద్దేశంతో చేశాడనే రాశాడు. కానీ ఓడిపోయిన జనం తరఫున ఒక అధికారి మాట్లాడాడన్న నిజం మాత్రం ఆ అయిష్టంలోంచి కూడా బయటపడింది. క్లాసిసియానస్ పోయాక భార్య జూలియా పకాటా అతనికి సమాధి కట్టించింది. దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత ఆ రాళ్ళే బురుజు పునాదిలోకి వెళ్ళాయి. 1852లో టవర్ హిల్ దగ్గర కొన్ని ముక్కలు దొరికాయి. మిగతా శాసనం 1935లో విద్యుత్ సబ్‌స్టేషన్ కోసం తవ్వుతుంటే బయటపడింది. ఇప్పుడు అది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ ఊరికి కరుణ చూపమని అడిగిన మనిషి పేరును పదిహేను వందల ఏళ్ళకు పైగా తన కడుపులో పెట్టుకుని దాచిన గోడ అది. దాచాలని దాచలేదు, నిజమే. అయినా అందుకు నేను కృతజ్ఞుణ్ణే.

ఐదో శతాబ్దం తొలినాళ్ళలో రోమన్ పాలన పోయింది. లోపల ఇళ్ళు కూలాయి, వీధుల్లో నల్లమట్టి పేరుకుంది. తర్వాత వచ్చిన సాక్సన్లు గోడకు బయట, పడమటి ఒడ్డున వేరే ఊరు వేసుకున్నారు. నాలుగు వందల ఏళ్ళకు పైగా ఆ ప్రాకారం దాదాపు ఎవరూ లేని ఇంటికి కాపలా కాసింది. నాకు దాని జీవితంలో అన్నిటికన్నా గౌరవనీయంగా అనిపించే కాలం అదే. డేన్‌ల దాడులు ముదిరాక, 886లో ఆల్‌ఫ్రెడ్ రాజు జనాన్ని మళ్ళీ లోపలికి తెచ్చాడు. రోమన్ల వీధులు మాసిపోయాయి గానీ రోమన్ల గోడ నిలిచే ఉంది, కాబట్టే ఊరు తిరిగి అక్కడే మొలిచింది. 1016లో డేన్‌ల నాయకుడు క్నూట్ సైన్యం చుట్టుముట్టి కూర్చున్నా నగరాన్ని పట్టుకోలేకపోయింది. 1066లో ఇంగ్లండును గెలిచాక విలియం తన కోటకు చోటు వెతికి, ఈ ప్రాకారపు ఆగ్నేయ మూలనే ఎంచుకున్నాడు. ఈనాడు మనం టవర్ ఆఫ్ లండన్ అనేది అలా ఈ గోడ చంకలో పుట్టింది.

నది వైపు గోడ అప్పటికే పోయింది. 12వ శతాబ్దంలో విలియం ఫిట్జ్‌స్టీఫెన్ లండన్‌ను వర్ణిస్తూ, దక్షిణాన ఒకప్పుడు గోడ ఉండేదని, చేపలున్న ఆ మహానది పోటుపాట్లతో దాన్ని కోసి కూల్చేసిందని రాశాడు. ఈ మాటను చాలాకాలం కొందరు నమ్మలేదు. 1970ల్లో బేనార్డ్ కోట ప్రాంతంలో తవ్వకాలు జరిగి, నదిలోకి ఒరిగిపోయిన ఆ గోడ కనిపించింది. దాంట్లో దేవతామూర్తులు చెక్కిన రాళ్ళు ఉన్నాయి, ఏదో మహాద్వారాన్ని విప్పి తెచ్చి వేసినవి.

మధ్యయుగంలో నేల వైపు గోడ నిజంగా నగరంతో కాపురం చేసింది. గోడ ఎత్తు పెంచారు, విలుకాళ్ళకు కిటికీలు పెట్టారు. ద్వారాల మీద గదులు వేశారు. 1374లో నగర మేయరు ఆల్డ్‌గేట్ మీది ఇంటిని జెఫ్రీ చాసర్‌కి ఇచ్చాడు. అద్దె లేదు, బతికినంతకాలం ఉండవచ్చు. మరమ్మతులు తాను చేయించుకోవాలి, ఊరికి ఆపద వస్తే నగరపాలకులను లోపలికి రానివ్వాలి. 1381లో పన్నుల మీద తిరగబడిన రైతులు ఆ గేటు కింద నుంచే నగరంలోకి పోటెత్తారు. ఆ పొద్దు ఆయన ఇంట్లో ఉన్నాడో లేడో గానీ, ఇంగ్లీషు కవిత్వానికి ఆదిగా చెప్పుకునేవాడు రోమన్లు పునాది వేసిన ప్రాకారం మీద నిద్రపోయేవాడన్నది చిన్న విషయం కాదు. 1554లో వైయట్ అనే తిరుగుబాటు నాయకుడి దళం లడ్‌గేట్ దాకా వచ్చింది. తలుపులు తెరుచుకోలేదు, వాళ్ళు వెనుదిరిగారు.

ఇతరుల కన్నీళ్ళు కూడా ఈ రాళ్ళలో కలిశాయి. 1215లో తిరుగుబాటు ప్రభువులు లండన్ యూదుల ఇళ్ళు దోచి, పగలగొట్టి, ఆ రాళ్ళతో గోడలను, ద్వారాలను మరమ్మతు చేశారు. 1586లో లడ్‌గేటును తిరిగి కట్టడానికి విప్పినప్పుడు హీబ్రూలో ఒక పేరు చెక్కిన రాయి దొరికిందని చరిత్రకారుడు జాన్ స్టో రాశాడు. 1290లోనే యూదులను దేశం నుంచి వెళ్ళగొట్టారు. వాళ్ళ వీధిలో ఉండవలసిన పేరు ఒకటి ద్వారం మధ్యలో మిగిలిపోయింది. ఆ పాపం మనుషులది. గోడ ఆ పేరును చెరపకుండా ఉంచింది.

ఫిరంగులు వచ్చాక దాని అవసరం తగ్గింది. ఊరు ప్రాకారం దాటి పొంగింది. అగడ్త పూడి చెత్తదిబ్బ అయింది, దాని మీద హౌండ్స్‌డిచ్ వీధి వెలిసింది. 1666 అగ్నిప్రమాదం పడమట గోడ దాటి వెళ్ళింది. బళ్ళ రద్దీకి ద్వారాలు అడ్డమన్నారు, 1760 మొదలుకొని ఒక్కొక్కటీ విప్పేశారు. లడ్‌గేట్ మీద నిలిచిన మొదటి ఎలిజబెత్ రాణి విగ్రహాన్ని తీసి ఫ్లీట్ వీధికి తరలించారు, సెయింట్ డన్‌స్టన్ చర్చి దగ్గర అది ఇప్పటికీ ఉంది. గేట్లు లేని ఆల్డ్‌గేట్, మూర్‌గేట్ పేర్లు భూగర్భ రైలు స్టేషన్లకు ఉండిపోయాయి.

మిగిలిన గోడను ఎవరూ పగబట్టి కూల్చలేదు. తమ ఇంటికి ఒక పక్క గోడ ఉచితంగా దొరికిందని దాన్ని ఆనుకుని ఇళ్ళు కట్టుకున్నారు, గిడ్డంగులు కట్టుకున్నారు, నేలమాళిగలు తవ్వుకున్నారు. పురావస్తు ప్రేమికులు దీన్ని అపచారంగా చెప్తారు. నాకలా అనిపించదు. బయట విడిగా నిలబడ్డ చోట్ల గోడ దాదాపు అంతా పోయింది. ఎవరో ఒకరు వీపు ఆనించుకున్న చోటే నిలిచింది. కూపర్స్ రో దగ్గర 19వ శతాబ్దపు గిడ్డంగిలో కలిసిపోయిన భాగం, 1960ల్లో ఆ గిడ్డంగిని తీసేశాక పూర్తి ఎత్తున బయటపడింది. మధ్యయుగపు విలుకాళ్ళ కిటికీలు కూడా చెక్కుచెదరలేదు. కాటికి వెళ్ళే వయసులో పెద్దమ్మ ఇంకా మనవల ఇంట్లో పప్పు రుబ్బి పెట్టినట్టు, ఆ గోడ పదహారు, పదిహేడు వందల ఏళ్ళ వయసులోనూ ఎవరి సరుకో కాపాడుతూ ఉండిపోయింది.

ఆ గోడ తరిగిపోవడం చూసి మొదట బాధపడినవాళ్ళలో చార్లెస్ రోచ్ స్మిత్ ఒకడు. ఆయన వృత్తి మందుల అంగడి. 19వ శతాబ్దంలో లండన్‌లో మురుగు కాలువలకు, కొత్త వీధులకు తవ్వకాలు జరుగుతుంటే, అంగడి నుంచి పరిగెత్తుకెళ్ళి కనిపించిందల్లా గీసుకున్నాడు, రాసుకున్నాడు, కొనగలిగింది కొన్నాడు. ఆయన సేకరణ 1856లో బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. ప్రాచీన కట్టడాల రక్షణకు బ్రిటన్ తొలి చట్టం 1882లో వచ్చింది. కానీ ఆ చట్టం తొలి జాబితాలో ఉన్నవి దాదాపు అన్నీ చరిత్రకు ముందు కాలపు రాళ్ళూ దిబ్బలే. ఆ దశకంలోనే టవర్ హిల్ దగ్గర భూగర్భ రైలు మార్గం కోసం ఈ ప్రాకారంలో ఒక భాగాన్ని తీసేశారు.

1940 డిసెంబర్ 29 రాత్రి జర్మన్ బాంబులకు క్రిపుల్‌గేట్ ప్రాంతం కాలిపోయింది. ఇళ్ళు, గిడ్డంగులు బూడిదయ్యాయి. ఆ శిథిలాల మధ్య, తన మీద ఆనుకున్నవన్నీ పోయాక, పాత గోడ తిరిగి వెలుగు చూసింది. యుద్ధం ముగిశాక డబ్ల్యూ. ఎఫ్. గ్రైమ్స్ అనే పురావస్తువేత్త అక్కడ తవ్వాడు. నోబుల్ వీధిలో గోడ ఒకటి కాక రెండు గోడలు జంటగా ఉన్నాయని గమనించి, సైనిక కోట ఒకటి ముందే ఉండేదని కనిపెట్టింది ఆయనే. అంతకు ముందు దాని సంగతి ఎవరికీ తెలియదు. అయినా తర్వాతి కాలంలో గోడ మీద దయ చూపించారని చెప్పలేం. 1950ల్లో లండన్ వాల్ అనే వీధి కింద కార్ల పార్కింగు తవ్వినప్పుడు పొడవైన గోడ బయటపడితే, చిన్న ముక్క ఉంచి మిగతాది తీసేశారు. ఆ ముక్క ఇప్పటికీ కార్ల మధ్యే ఉంది.

ఇప్పుడు 1979 నాటి చట్టం కింద మిగిలిన భాగాలు రక్షిత స్మారకాలు. నేల పైన కనిపించేవే కాక, చాలాచోట్ల నేల కింద ఉన్నవి కూడా. ప్రభుత్వ అనుమతి లేకుండా రాయి కదపడం, ఆ రక్షిత స్థలంలో తవ్వడం, సొంతంగా మరమ్మతు చెయ్యడం కూడా నేరం. చారిత్రక కట్టడాల సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ సలహా లేనిదే అనుమతి రాదు. పాత రాతికి సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక రాయే పెచ్చులూడుతుందని తెలుసుకున్నారు, అందుకే మళ్ళీ సున్నంతోనే అతుకులు వేస్తున్నారు. వైన్ స్ట్రీట్‌లో కొత్త భవనం అడుగున, గోడనూ దాని బురుజు పునాదినీ 2023 నుంచి ఉచితంగా చూడనిస్తున్నారు. కొత్తగా కట్టినవాళ్ళు దాని చుట్టూ స్థలం వదిలి కట్టారు. ఆ ఒక్క పనికి వాళ్ళకు దణ్ణం పెట్టాలి.

లండన్ వెళ్ళే తెలుగువాళ్ళు చాలామంది టవర్ చూడకుండా తిరిగిరారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో పుట్టిందని మనం చెప్పుకునే కోహినూరు, రాజమాత ఎలిజబెత్ కిరీటంలో అక్కడుంది కదా. టవర్ హిల్ స్టేషన్లో దిగి, మెట్లెక్కి, టిక్కెట్ల వైపు నడుస్తారు. ఆ దారిలోనే చిన్న తోటలో పది మీటర్లకు పైగా ఎత్తున ఈ ప్రాకారపు ముక్క నిలబడి ఉంది. ముందు ట్రాజన్ చక్రవర్తి కంచు విగ్రహం పెట్టారు గానీ, గోడ ఆయన పోయిన చాలా ఏళ్ళకు కట్టినది. పక్కన క్లాసిసియానస్ శాసనానికి నకలు ఉంది. పై సగం మధ్యయుగపు పని, కింది నాలుగు మీటర్లు రోమన్లవి. ఎర్రటి ఇటుక పట్టీ చివరిసారి కనిపించే చోటు చూసుకోండి, అక్కడికి కిందిదంతా రోమన్లదే. టిక్కెట్టు అక్కర్లేదు, వరస లేదు. వజ్రం కోసం వెళ్ళే ముందు పది నిమిషాలు అక్కడ నిలబడండి.